చాటింపును ఆపే వైరసు: పిల్లలకు ఒక ఉత్తరం

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. వానలు పట్టగానే వరంగల్, హనుమకొండ వాడల్లో డెంగీ జ్వరాలు మొదలవుతాయి. పుట్టుకతో వచ్చిన రోగనిరోధక శక్తి ఒంట్లో ఉండగా వైరసు ఎట్లా పెరగగలుగుతుందని మీరు అడిగారు. ఆ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు చెబితే మీకు అన్యాయం చేసినట్లవుతుంది, కనుక ఈ ఉత్తరాన్ని కాస్త ఓపికగా చదవండి.

కొత్త వైరసును గుర్తించి పట్టుకునే ప్రతిరక్షకాలు తయారు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా మనల్ని కాపాడేది ప్రతి కణంలోనూ సిద్ధంగా ఉండే సహజ రక్షణ. వచ్చింది ఫలానా వైరసు అని దానికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. కణంలో ఉండకూడనిది ఏదైనా ఉన్నదా అని మాత్రమే అది చూస్తుంది. మన ప్రొటీన్ల తయారీకి సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏ ఒంటిపోగుగా ఉంటుంది, దాని మొదటి కొసకు ఒక రసాయన గుర్తు ఉంటుంది. డెంగీ వంటి వైరసులు తమ ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసుకునేటప్పుడు మాత్రం పొడవైన జంటపోగులు ఏర్పడతాయి. రిగ్-ఐ, ఎండీఏ-5 అనే కాపలా ప్రొటీన్లు అటువంటి జంటపోగులనో గుర్తు లేని కొసలనో పసిగట్టగానే కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసి బయటికి వదులుతుంది.

1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కోడిగుడ్డు పొరల మీద ఇన్‌ఫ్లుయెంజా వైరసుతో ప్రయోగాలు చేస్తూ ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొన్నారు. అది పనిచేసే తీరు మన ఊళ్లలో డప్పు కొట్టి వేసే చాటింపు లాంటిది. వైరసు సోకిన కణం తాను చనిపోయేదే అయినా, చుట్టుపక్కల కణాలకు ముందే కబురు అందిస్తుంది. కబురు అందిన కణంలో స్టాట్-1, స్టాట్-2 అనే ప్రొటీన్లు జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువులను పనిలోకి దింపుతాయి. అప్పుడు పుట్టే ప్రొటీన్లలో కొన్ని వైరసు ఆర్‌ఎన్‌ఏ ముక్కలయ్యేటట్లు చేస్తాయి, కొన్ని ఆ కణంలో ప్రొటీన్ల తయారీనే నిలిపివేస్తాయి. జ్వరం, ఒళ్లునొప్పులు వైరసు చేసిన హాని మాత్రమే అనుకోకండి. ఇంటర్‌ఫెరాన్‌ను మందుగా ఇచ్చినప్పుడు కూడా అవే వస్తాయి.

ఈ చాటింపు సకాలంలో వినబడితే వైరసుకు నిలువ నీడ దొరకదు. అందుకే అది డప్పును మోగనీయదు, మోగినా విననీయదు. డెంగీ వైరసు జన్యుపదార్థంలో ఉన్నవి సుమారు 10,700 అక్షరాలు, వాటితో తయారయ్యేవి 10 ప్రొటీన్లు. మనకైతే ప్రొటీన్లను తయారుచేసే జన్యువులే దాదాపు 20,000 ఉన్నాయి. అంత కొద్ది సరంజామాతో అది ఏమి చేస్తుందో చూడండి. ముందుగా కణం లోపలి పొరలను ముడిచి చిన్న చిన్న అరలు చేసుకుని, కాపలా ప్రొటీన్ల కంటపడకుండా వాటిలో నకళ్లు తీసుకుంటుంది. నకళ్లు తీసే ప్రొటీన్ పేరు ఎన్‌ఎస్5. కొత్త ఆర్‌ఎన్‌ఏ కొసకు మన ఆర్‌ఎన్‌ఏకు ఉండే గుర్తునే తగిలించి, అది మనదే అన్నట్లు కనబడేటట్లు చేసేది కూడా అదే. అంతటితో ఆగక స్టాట్-2ను పట్టుకుని, పనికిరాని ప్రొటీన్లను పారవేయడానికి మన కణంలోనే ఉన్న ఏర్పాటుకు దాన్ని అప్పగించి నాశనం చేయిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ కణం గుమ్మం దాకా వచ్చినా ఆ కబురు కేంద్రకానికి చేరదు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది ఇంకొకటి ఉంది. ఎన్‌ఎస్5 మనిషి స్టాట్-2ను పట్టుకోగలదు కానీ ఎలుక స్టాట్-2ను పట్టుకోలేదు. అందువల్ల మామూలు ఎలుకల్లో డెంగీ సరిగా పెరగదు. ఇంటర్‌ఫెరాన్ కబురును అందుకునే శక్తి లేకుండా చేసిన ఎలుకలను పెంచి, వాటి మీద శాస్త్రవేత్తలు ఈ జబ్బును పరిశీలిస్తారు. ఈ వైరసు ఎత్తు మనిషి కణానికి సరిపోయేటట్లు అంత కచ్చితంగా ఉన్నది.

తక్కిన వైరసుల దారులు వేరు. ఇన్‌ఫ్లుయెంజా వైరసు ఎన్‌ఎస్1 అనే ప్రొటీన్‌తో జంటపోగులను కప్పివేసి రిగ్-ఐ పనిని అడ్డుకుంటుంది. కోవిడ్ తెచ్చిన కరోనా వైరసు మన కణంలో ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములలోకి ఆర్‌ఎన్‌ఏ ప్రవేశించే దారికే ఒక ప్రొటీన్‌ను అడ్డుపెడుతుంది. మశూచి టీకాకు వాడిన వ్యాక్సీనియా వైరసు ఇంటర్‌ఫెరాన్‌ను మధ్యలోనే పట్టుకునే నకిలీ గ్రాహకాలను, అంటే కబురు అందుకునే ప్రొటీన్ల వంటివాటిని, కణం బయటికి వదులుతుంది.

ఈ ఎత్తులు లేకపోతే వైరసు గతి ఏమిటన్నది 1998లో అడోల్ఫో గార్సియా-సాస్ట్రే అనే శాస్త్రవేత్త బృందం తేల్చింది. ఎన్‌ఎస్1 లేని ఇన్‌ఫ్లుయెంజా వైరసును వారు తయారుచేస్తే, అది మామూలు ఎలుకల్లో బలహీనపడిపోయింది, స్టాట్-1 లేని ఎలుకలకు మాత్రం జబ్బు చేసింది. మనుషుల సంగతి 2020లో తెలిసింది. కోవిడ్‌తో ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మందిని పరీక్షిస్తే, 101 మంది రక్తంలో వారి సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే ప్రతిరక్షకాలు కనిపించాయి. వైరసు ఆపవలసిన చాటింపును వారి ఒళ్లే ముందుగా ఆపివేసింది.

డెంగీ రెండోసారి వస్తే ఎందుకు ఎక్కువ ప్రమాదమని మీరు అడిగిన ఇంకో ప్రశ్న ప్రతిరక్షకాలకు సంబంధించినది. దానికి వేరే ఉత్తరంలో జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య