తోడుకునే పాలు, తోడుకోని పాలు

వేడి కాఫీలో సోయా పాలు పోయగానే తెల్లటి తునకలు పైకి తేలి, కప్పులోనిదంతా విరిగిపోవడం మొక్కల పాలకు కొత్తగా మారిన చాలామందికి ఎదురయ్యేదే. పాలు పాడయ్యాయనుకుని పారబోస్తారు కానీ అక్కడ చెడిపోయినదేమీ లేదు. సోయా ప్రోటీన్ల కణాలు ఒకే రకమైన విద్యుదావేశం వల్ల ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ నీటిలో తేలుతుంటాయి. ఆమ్లత పెరిగి, పులుపు ఎక్కువయ్యేకొద్దీ తగ్గే కొలత అయిన పీహెచ్ 4.5 దరిదాపులకు వచ్చేసరికి ఆ ఆవేశం నశించి, కణాలు ముద్దకడతాయి. కాఫీలోని పులుపు ఒక్కటే అంత పని చేయలేకపోయినా, వేడి, పాలలో కలిపిన కాల్షియం దానికి తోడవుతాయి. కాఫీని కొంచెం చల్లారనిచ్చి, గోరువెచ్చటి పాలలోకి నెమ్మదిగా పోస్తే విరగడం చాలావరకు తగ్గుతుంది. సోయా పాలలో కాల్షియం లవణాన్నో పులుపునో కావాలనే కలిపి, విరిగినదాన్ని వడగట్టి, అదిమితే వచ్చేదే టోఫు, అంటే సోయా పనీర్.

ఆవు పాలలో సుమారు 87 శాతం నీరే. మిగిలిన దానిలో కొవ్వు, లాక్టోజ్ అనే చక్కెర, ఖనిజాలు, ప్రోటీన్లు ఉంటాయి. ఆ ప్రోటీన్లలో దాదాపు 80 శాతం కేసీన్. అది కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి అతిసూక్ష్మమైన ఉండలుగా ఉంటుంది. తోడు వేసినప్పుడు బాక్టీరియా లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, పీహెచ్ 4.6 వద్ద ఆ ఉండలు ఒకదానికొకటి అల్లుకుని నీటిని తమలో పట్టి ఉంచుతాయి. గడ్డపెరుగు రహస్యమంతా ఈ అల్లికలోనే ఉంది. మొక్కల పాలలో కేసీన్ లేదు, లాక్టోజ్ కూడా లేదు. కాబట్టి రంగు చూసి, అన్నీ పాలే కదా అని ఒకదాని బదులు మరొకటి వాడటమే నిరాశకు మొదటి కారణమని నా అభిప్రాయం.

ప్రోటీన్ విషయంలో ఆవు పాలకు దగ్గరగా వచ్చేవి సోయా పాలు. 100 మిల్లీలీటర్లకు సుమారు 3 గ్రాములుంటుంది. అందుకే అవి తోడుకుంటాయి కూడా. చాలామందిని వెనక్కి నెట్టేది వాటి పచ్చివాసన. గింజను రుబ్బినప్పుడు లైపాక్సీజనేజ్ అనే ఎంజైమ్ అందులోని కొవ్వుపై పనిచేయడం వల్ల అది పుడుతుంది కనుక, నానిన గింజలను మరుగుతున్న నీటితో రుబ్బితే ఎంజైమ్ ముందే నశించి వాసన బాగా తగ్గుతుంది. పచ్చి సోయాలో ప్రోటీన్ జీర్ణానికి అడ్డుపడే పదార్థాలూ ఉంటాయి. పాలను బాగా మరిగించడం రుచి కోసమే కాదు.

మార్కెట్‌లో దొరికే బాదం పాలలో బాదం కొద్ది శాతమే ఉంటుంది. ప్రోటీన్ తరచుగా 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము కూడా ఉండదు. అల్లుకోవడానికి ప్రోటీనే చాలనప్పుడు పెరుగు గట్టిపడదు. తయారీదారులు పిండిపదార్థమో, పండ్ల నుంచి తీసే పెక్టినో కలిపి చిక్కబరుస్తారు.

ఓట్స్‌ది వేరే కథ. వాటిని ఇంట్లో నీటితో రుబ్బి, వడగట్టి, వేడిచేస్తే పాలకు బదులు జారుడుగా సాగే గంజి తయారవుతుంది, ఎందుకంటే వేడికి వాటిలోని పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బుతుంది. 1990లలో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో రికార్డ్ ఓస్టె అనే ఆహార శాస్త్రవేత్త ఈ పిండిని ఎంజైమ్‌లతో ముక్కలు చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. అలా ముక్కలైనప్పుడు మాల్టోజ్ అనే చక్కెర ఏర్పడుతుంది కాబట్టి, చక్కెర కలపకపోయినా ఓట్స్ పాలు తియ్యగా ఉంటాయి. మధుమేహం ఉన్నవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

ప్రపంచంలోని పెద్దవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి శైశవం దాటాక లాక్టోజ్‌ను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ తగ్గిపోతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బేవారికి ఈ పానీయాలు నిజంగా ఊరటనిస్తాయి. అయితే ఏడాదిలోపు పసిపిల్లలకు తల్లిపాలకు గానీ, వారి కోసం తయారైన ఫార్ములాకు గానీ ఇవి ప్రత్యామ్నాయం కావు. పెద్దవారు కూడా కాల్షియం, బి12 విటమిన్ కలిపిన రకాన్ని లేబుల్ చూసి ఎంచుకోవాలి. బి12 మొక్కల పాలలో సహజంగా ఉండదు. కలిపిన కాల్షియం కరగని పొడిగా అడుగుకు చేరుతుంది కనుక ప్రతిసారీ సీసాను గట్టిగా కుదపాలి. లేకపోతే దానిలో చాలా భాగం సీసా అడుగునే మిగిలిపోతుంది.