ముందు గండి, తర్వాతే మొక్క

కాట్రేనికోన వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాన్నగారు వదిలేసిన రొయ్యల చెరువు ఉంది, పట్టా భూమే. మడ అడవి పెంచాలంటే ఎకరానికి ఎన్ని మొక్కలు పడతాయండీ?"

మొక్కల లెక్క తర్వాత. ముందు గట్టు సంగతి చూడండి.

మడ అడవి తుపానును ఆపడం గురించి చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసేది నీటి రాకపోకలు. ఉప్పుటేట్లో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది, అంటే నీరు వెనక్కి పోతుంది. మడకు పోటు కన్నా పాటే ముఖ్యమంటాను. నల్లమడ అనే రకం మడ చెట్టు కింద బురదలోంచి నిటారుగా పొడుచుకొచ్చిన వేళ్లను దగ్గరగా చూడండి, ఒంటినిండా సన్నని రంధ్రాలు. బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. నీరు తీసినప్పుడు ఆ రంధ్రాల గుండానే లోపలి వేళ్లకు గాలి అందుతుంది. నీరు రోజుల తరబడి నిలిస్తే చెట్టుకు ఊపిరాడదు.

గట్టు చేసే చేటు ఇదే. లోపల చిక్కిన ఉప్పునీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మరిగిన పులుసు ఉప్పు కషాయమైనట్టే. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీరు సగం ఆవిరైతే 70 గ్రాములు! పెద్ద నల్లమడ ఆకుల మీద ఉప్పును కక్కేస్తుంది కానీ లేత మొక్క తట్టుకోలేదు. చెరువు పూర్తిగా ఎండితే ఇంకో ప్రమాదం. మడ బురదలో పైరైట్ ఉంటే, అందులోని ఇనుము, గంధకం గాలి తగిలి ఆక్సీకరణం చెందుతాయి, సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది.

కాబట్టి పాత పాయ ఎటు పారేదో అక్కడే గండి కొట్టాలి. ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. గండి అడుగు చెరువు అడుగుకన్నా పల్లంగా ఉండాలి, లేకపోతే పాటుకు నీరు పూర్తిగా దిగదు. గట్టు మట్టిని పొక్లెయిన్‌తో చెరువులోకే నెట్టించండి. తవ్వినప్పుడు పోయిన ఎత్తు తిరిగి రావాలి.

మనవాళ్లు అమావాస్య నాడు పని మొదలుపెట్టరు. ఈ పనికి మాత్రం అమావాస్య, పౌర్ణమి నాటి పెద్ద పోట్లే కొలబద్ద. నీరు ఎక్కడిదాకా ఎక్కిందో కర్రలు పాతి చూడండి. పిల్లల్నీ తీసుకెళ్లండి, చంద్రుడి ఆకర్షణ గురించి బడిలో కన్నా బాగా తెలుస్తుంది.

కోరింగ ప్రాంతంలో అటవీ శాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి మడను తిరిగి పెంచాయి. అది ప్రభుత్వ భూమి. పట్టా భూమిలో గట్టు తెంచాల్సింది మీరే. దగ్గర్లో మడ చెట్లుంటే గింజలు నీటితో పాటే కొట్టుకొస్తాయి, రాకపోతేనే నాటండి.

ఇంట్లో అందరితో మాట్లాడాకే మొదలుపెట్టండి. 2019 నాటి సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) నోటిఫికేషన్ ప్రకారం మడ ఉన్న నేల 1-ఏ అనే కట్టుదిట్టమైన రక్షణ వర్గం కిందికి వస్తుంది, దాన్ని మళ్లీ చెరువు చేస్తామంటే కుదరదు. పక్క రైతు వరిచేను వైపున్న గట్టును మాత్రం ముట్టుకోకండి, వీలైతే ఇంకాస్త బలంగా కట్టించండి.