వాటా కోసం వంశవృక్షం: అన్నెకే యాన్స్ వారసుల దావా నేపథ్యం

న్యూయార్క్‌లోని ట్రినిటీ చర్చి భూముల్లో తమకు వాటా ఉందంటూ, అన్నెకే యాన్స్ అనే వలసకాలపు స్త్రీకి వారసులమని చెప్పుకున్నవారు 18వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా తరాల తరబడి పోరాడారు. ఒక్క సెంటు భూమి కూడా వారి చేతికి రాలేదు. అయితే వాటా రుజువు చేసుకోవాలంటే ముందు వంశం రుజువు కావాలి కాబట్టి, ఈ దావా పుణ్యమా అని తొలినాటి అమెరికాలోని డచ్ కుటుంబాల్లో ఎవరి గురించీ వెతకనంతగా ఈ కుటుంబం గురించి వెతికారు. వెతుకులాట వెనుక ఆస్తి ఆశ ఉండడంతో నిజమైన పత్రాలతో పాటు కట్టుకథలు కూడా పోగయ్యాయి.

అన్నెకే, ఆమె భర్త రూలోఫ్ యాన్సెన్ 1630లో న్యూ నెదర్లాండ్‌కు వచ్చారు. అది డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ నడిపిన వలస. రూలోఫ్ మొదట హడ్సన్ నది ఎగువన, ఇప్పటి ఆల్బనీ పరిసరాల్లో ఉన్న రెన్సెలార్ ఎస్టేటులో ఏడాదికి 180 గిల్డర్ల జీతానికి వ్యవసాయం చేశాడు. కొన్నేళ్లకు కుటుంబం మన్‌హాటన్ చేరింది. 1636లో గవర్నర్ వాన్ ట్విల్లర్ నదీతీరాన సుమారు 62 ఎకరాలు రూలోఫ్‌కు ఇచ్చాడు. ఆ తరువాత కొద్దికాలానికే అతను చనిపోయాడు. 1638లో అన్నెకే మతగురువు ఎవరార్డస్ బోగార్డస్‌ను పెళ్లాడడంతో ఆ పొలానికి 'దొమినే పొలం' అనే పేరు పడింది. డచ్చివారు మతగురువును దొమినే అనేవారు. గవర్నర్ కీఫ్ట్‌తో తీవ్రంగా తగవుపడిన బోగార్డస్, ఆ తగవు తేల్చుకోవడానికి స్వదేశానికి బయలుదేరి, 1647లో వేల్స్ తీరంలో ఓడ మునిగి కీఫ్ట్‌తో పాటే మరణించాడు.

రెండోసారి వితంతువైన అన్నెకే ఆల్బనీకి వెళ్లి స్థిరపడింది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా స్పష్టమైన పత్రం 1663 జనవరిలో ఆమె రాయించిన వీలునామా. పొలం అమ్మగా వచ్చే సొమ్ములోంచి, అది తండ్రి ఆస్తి కాబట్టి, మొదటి భర్త సంతానానికి ముందుగా 1000 గిల్డర్లు ఇచ్చి, మిగిలినది రెండు కాపురాల పిల్లలూ సమంగా పంచుకోవాలని అందులో ఉంది. మరుసటి ఏడాదే వలస ఇంగ్లిషువారి వశమైంది. 1667లో గవర్నర్ నికోల్స్ పొలాన్ని వారసుల పేరిట ఖాయం చేశాడు. 1671లో వారసులు దాన్ని గవర్నర్ లవ్‌లేస్‌కు అమ్మేశారు. కానీ అప్పటికే చనిపోయిన కొడుకు కార్నెలిస్ బోగార్డస్ తరఫున ఆ అమ్మకం పత్రంలో ఎవరూ చేరలేదు. తరువాతి దావాలన్నీ నిలబడింది ఈ ఒక్క లోటు మీదే. లవ్‌లేస్ ఆస్తి జప్తయి, పొలం పక్కనున్న ప్రభుత్వ భూమిలో కలిసిపోయింది. ఆ మొత్తాన్నీ 1705లో ఆన్ రాణి పేరిట ట్రినిటీ చర్చికి ధారాదత్తం చేశారు.

పొలం మీద నగరం లేచి భూమి విలువ పెరిగేకొద్దీ కార్నెలిస్ సంతతికి పాత లోటు గుర్తుకు వస్తూ పోయింది. వారు పెట్టిన దావాల్లో ముఖ్యమైనదానిపై 1847లో న్యూయార్క్ ఛాన్సరీ కోర్టు తీర్పు చెప్పింది. వందేళ్లకు పైగా చర్చి బహిరంగంగా అనుభవిస్తున్న భూమిని పాత పత్రంలోని లోటు చూపి వెనక్కి తీసుకోవడం కుదరదన్నది దాని సారం. మన సివిల్ కోర్టుల్లో కాలదోషం, ప్రతికూల స్వాధీనం అని వినిపించేవి ఇవే. వారసులు నిజమైనవారే అయినా హక్కు మిగల్లేదు. మిగిలిందనుకున్నా, ఎనిమిది శాఖల్లో ఒక శాఖ వాటా అన్ని తరాలకు పంచితే మనిషికి ఎంత దక్కేదో వారసుల సంఘాలకు చందాలు కట్టినవారు లెక్క వేసుకున్నట్టు లేదు. తీర్పు తరువాత కూడా వారసుల సంఘాలు పుడుతూనే వచ్చాయి, చందాలు వసూలవుతూనే వచ్చాయి.

అన్నెకే ఆరెంజ్ రాకుమారుడు విలియం మనవరాలనీ, ఆమెకు రావలసిన రాచసొమ్ము హాలండ్‌లో మూలుగుతోందనీ కథ అల్లుకున్నది కూడా ఈ వాతావరణంలోనే. ఆమె తల్లి ట్రైన్ యోనాస్ న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో (ఇప్పటి న్యూయార్క్) కంపెనీ దగ్గర పనిచేసిన మంత్రసాని. రాజవంశాన్ని ఆమెతో ముడిపెట్టే సమకాలీన పత్రం ఒక్కటీ లేదు.

ఇలాంటి కథలు సులువుగా అతుక్కోవడానికి పేర్ల పద్ధతి కూడా ఒక కారణం. యాన్స్, యాన్సెన్ అనేవి మన ఇంటిపేర్ల వంటివి కావు. 'యాన్ సంతానం' అని మాత్రమే అర్థం. అన్నెకే తండ్రి పేరు యాన్, రూలోఫ్ తండ్రి పేరూ యానే, అంతకుమించి ఆ పేర్ల వల్ల ఇద్దరికీ చుట్టరికం లేదు. అదే పద్ధతిలో వారి కొడుకు యాన్ రూలోఫ్‌సెన్ అయ్యాడు. రెండో భర్త పిల్లలు మాత్రం బోగార్డస్ అన్న స్థిరమైన పేరు నిలుపుకున్నారు. కార్నెలిస్ శాఖను గుర్తుపట్టడం తేలికైనదీ, రూలోఫ్ శాఖలను వెతకడం కష్టమైనదీ ఇందువల్లే. డచ్ స్త్రీలు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే పత్రాలకెక్కేవారు కనుక, రెండు పెళ్లిళ్ల తరువాత కూడా ఆమె అన్నెకే యాన్స్‌గానే దొరుకుతుంది.

ఈ జంట పుట్టుక గురించి గట్టి ఆధారం 1623 నాటి ఆమ్‌స్టర్‌డామ్ వివాహ నమోదు. దాని ప్రకారం వధువుది నార్వే దక్షిణ తీరంలోని ఫ్లెకెరోయ్ దీవి. వరుడి ఊరు పత్రాల్లో మాస్టర్‌లాండ్‌గా కనిపిస్తుంది; అది ఇప్పటి స్వీడన్ పశ్చిమ తీరంలోని మార్‌స్ట్రాండ్, అప్పట్లో నార్వేలో భాగం. అమెరికాలో పేరుపడ్డ ఈ డచ్ కుటుంబానికి మూలపురుషుడూ మూలస్త్రీ ఇద్దరూ హాలండ్‌లో పుట్టినవారు కారు.