పోర్చుగల్ రెడ్ వైన్ అంటే తీపేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

లిస్బన్‌లో ఒక రెస్టారెంటులో వైన్ ఎంచి వడ్డించడం నా పని. మనవాళ్ళు వచ్చి కూర్చుంటే, ఏ ఊరు, ఎవరబ్బాయివి అన్నీ అయ్యాక వచ్చే మాట దాదాపు ఒకటే. మొన్న ఒక పెద్దాయన కూడా అదే అన్నారు: "బాబూ, ఇక్కడి వైన్ తియ్యగా ఉంటుందటగా, మీ ఆంటీకి కూడా ఒక గ్లాసు పొయ్యి." నేను ఉత్తర పోర్చుగల్‌లోని డౌరో లోయ రెడ్ రెండు గుక్కలు పోసి ఆయనకిచ్చాను. చప్పరించి, నాలుక అంగిలికి రాసుకుని, "ఇదేంటయ్యా, పచ్చి జామకాయ కొరికినట్టుంది!" అన్నారు. "అదేనండీ, ఆ వగరే దీని ప్రాణం" అన్నాను.

అపోహ: పోర్చుగల్ రెడ్ ఏదైనా తియ్యగానే ఉంటుంది.

గోవాలో పోర్ట్ పేరుతో అమ్మే తియ్యటి సీసాతో మనలో చాలామందికి ఈ నమ్మకం మొదలైంది. అసలైన పోర్ట్ డౌరో లోయ ద్రాక్షతోనే చెయ్యాలి. ఆ లోయకు 1756లోనే హద్దులు గీశారు. పోర్ట్‌లో తీపి విడిగా కలిపింది కాదు, పులియడం మధ్యలో ఆపితే మిగిలింది. రసంలో చక్కెర సగం కరిగేసరికి 77 శాతం ఘాటున్న ద్రాక్షసారా పోస్తారు. దాంతో ఈస్ట్ చచ్చిపోతుంది, మిగతా చక్కెర అలాగే నిలిచిపోతుంది. ఆల్కహాల్ 20 శాతం దగ్గరికి చేరుతుంది. ఆ సారా పొయ్యకుండా వదిలేస్తే ఈస్ట్ చక్కెరంతా తినేస్తుంది. అదే డ్రై రెడ్, అంటే తీపి లేని రెడ్. ఆల్కహాల్ 13, 14 శాతం దగ్గర ఆగుతుంది.

ఒక సెప్టెంబరులో డౌరోలో కోతలకి వెళ్ళాను. రాతి తొట్టెలో మోకాళ్ళ పైదాకా ద్రాక్షలో దిగి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, "ఎడమ, కుడి" అని పెద్దాయన కేక వేస్తుంటే అడుగులు వేశాం. మొదట రసం చల్లగా జిల్లుమనిపించింది. పులిసేకొద్దీ కాళ్ళకి వెచ్చదనం తగిలింది. ఆ తొట్టెలోది పోర్ట్ అయింది. పక్క తొట్టెలో అవే రకాల ద్రాక్ష డ్రై రెడ్ అయింది.

అపోహ: పోర్ట్‌కి పనికిరాని ద్రాక్షతో డ్రై రెడ్ చేస్తారు.

ఒకప్పుడు ఇందులో నిజం ఉండేది. ఎంత రసాన్ని పోర్ట్‌గా మార్చవచ్చో ఏటా కోటా కడతారు. మిగిలినదాన్ని రైతులు ఇంటి వాడకానికి వైన్ చేసుకునేవారు. దానిమీద ఎవరికీ పెద్దగా శ్రద్ధ ఉండేది కాదు. ఇప్పుడు మంచి తోటల్లో డ్రై రెడ్‌కి వేరే మడులు కేటాయిస్తున్నారు. ఎత్తు మీద, ఎండ తక్కువగా పడే ఉత్తరపు వాలులో ఉన్నవి ఎంచుకుంటారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే లోయ అది. పులుపు చచ్చిపోకముందే కొయ్యాలి. పోర్ట్‌కి చక్కెర ముఖ్యం, దీనికి పులుపు ముఖ్యం.

అపోహ: డౌరోలో డ్రై రెడ్ చెయ్యడం ఈమధ్య వచ్చిన ఫ్యాషన్.

ఇది విన్నప్పుడల్లా నాకు ఉండబట్టదు. ఫెర్రైరా అనే పోర్ట్ సంస్థలో పనిచేసిన ఫెర్నాండు నికొలావ్ ద అల్మైదా 1952లోనే "బార్కా వెల్యా" అనే డ్రై రెడ్ చేశారు. ఆయన పనిచేసిన వాలె మెయావ్ తోటలో అప్పటికి కరెంటు లేదు. పులిసేటప్పుడు తొట్టె వేడెక్కితే వైన్ పాడైపోతుంది. అందుకని సముద్రం పక్కనున్న మతొజిన్యూష్ నుంచి లోయ చివరిదాకా ఐసు గడ్డలు తెప్పించి రసాన్ని చల్లబరిచారు. అంటే ద్రాక్షలో లోపం లేదు, వేడిని అదుపు చేసే దారే లేకపోయింది. ఇప్పటికీ బార్కా వెల్యా ఏటా రాదు. బాగా కుదిరిన సంవత్సరాల్లోనే విడుదల చేస్తారు.

అసలు మలుపు 1986లో వచ్చింది. పోర్చుగల్ యూరోపియన్ సముదాయంలో చేరింది, డౌరో రైతులు పోర్తో నగరానికి ఎదురుగా నది అవతల ఉన్న గాయాలోని పెద్ద సంస్థల గోదాముల ద్వారా కాకుండా నేరుగా ఎగుమతి చేసుకునే వీలు కలిగింది. తాతల కాలం నుంచి ద్రాక్ష అమ్ముకున్న కుటుంబాలు సొంత పేరుతో సీసాలు నింపడం మొదలుపెట్టాయి. 2014లో వైన్ స్పెక్టేటర్ పత్రిక ప్రకటించిన వంద వైన్లలో మొదటి స్థానం ఒక పోర్ట్‌ది. మూడు, నాలుగు స్థానాలు మాత్రం డౌరో డ్రై రెడ్లవి. ఆ నాలుగోది వాలె మెయావ్ తోటదే.

అపోహ: పోర్చుగల్ రెడ్లన్నీ బరువే.

దావ్ ప్రాంతపు గ్రానైట్ నేలలో పండిన తూరిగా నాసియోనల్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పూలవాసన వస్తుంది. బైరాడా ప్రాంతంలో పండే 'బాగా' అనే ద్రాక్షకి పులుపూ వగరూ రెండూ ఎక్కువ, దాన్ని కొన్నేళ్ళు దాచాలి. దక్షిణాన ఉన్న అలెంతేజు ప్రాంతపు రెడ్లు మెత్తగా ఉంటాయి. కొత్తగా తాగేవాళ్ళకి నేను ముందు అవే ఇస్తాను.

అపోహ: డ్రై రెడ్‌ని కూడా పోర్ట్‌లాగే తెరిచి వారాల తరబడి ఉంచుకోవచ్చు.

వద్దు. సారా, చక్కెర కాపలా ఉన్నాయి కాబట్టి చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచిన టోనీ రకం పోర్ట్ వారాలు నిలుస్తుంది. డ్రై రెడ్‌కి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులే. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట వారం కిందట తెరిచిన డ్రై రెడ్ సీసాలోంచి ఒకావిడకి నన్నే పోయమన్నారు, పోశాను. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. ఆమె ఇక జన్మలో పోర్చుగల్ రెడ్ అడగరేమోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: మన ఘాటు కూరలకి ఘాటైన రెడ్.

మిరపకారం మంటని ఆల్కహాల్ ఇంకా రేపుతుంది, వగరు తోడైతే నోరు మండిపోతుంది. వగరు తక్కువున్న తేలికపాటి రెడ్ ఎంచుకుని, తాగే ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. గోంగూర మాంసం కాస్త కారం తగ్గించి వండిన రోజున మాత్రం, పదేళ్ళు దాటిన బైరాడా ఒకటి తెరిచి చూడండి. గోంగూర పక్కన మామూలు రెడ్ చప్పబడిపోతుంది. 'బాగా' ద్రాక్ష పులుపు మాత్రం దానికి దీటుగా నిలబడుతుంది, మాంసం కొవ్వు మిగిలిన వగరుని లాగేసుకుంటుంది.