పంపిన చీర ఒకటి, తిరిగొచ్చింది మరొకటి: రిటర్న్ చిక్కు వెనుక కథ

శ్రీకాళహస్తి నుంచి పెన్ కలంకారీ చీర, అంటే కలంతో చేత్తో బొమ్మలు గీసిన చీర, వెళ్తుంది. పది రోజులకు అదే కవరులో స్క్రీన్ ప్రింట్ చీర తిరిగొస్తుంది. కారణం దగ్గర ‘ఫొటోలో చూపింది కాదు’ అని ఉంటుంది. డబ్బు అప్పటికే కొన్నవారికి చేరిపోయి ఉంటుంది. ఇంటి నుంచే చీరలు అమ్ముకునేవారికి ఈ నష్టం ఎక్కడి నుంచి వచ్చిపడిందో తెలియాలంటే 2010 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చింది. కంటితో చూడని సరుకుకు ముందే డబ్బు కట్టాలంటే జనం జంకే రోజులవి. నచ్చకపోతే తిప్పి పంపొచ్చన్న భరోసా ఆ జంకును పోగొట్టింది. 2013 జూన్‌లో అమెజాన్ కూడా వచ్చాక పోటీ పెరిగి, రిటర్న్ ఇంకా సులువైంది. 2016 మార్చిలో విదేశీ పెట్టుబడులపై కేంద్రం ఇచ్చిన ప్రెస్ నోట్ 3 అనే ప్రకటన ప్రకారం, విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ (ఇతరులు సరుకు అమ్ముకునే సైట్) వేదిక మాత్రమే. సరుకు అందించడం, కొన్నవారిని తృప్తిపరచడం అమ్మకందారు బాధ్యత. 2020 జులై నాటి ఈ-కామర్స్ నియమాలు మరో అడుగు వేశాయి. సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోననడానికి వీల్లేదు. నాసిరకం అంటగట్టేవారి నుంచి ఆ రక్షణ ఉండాల్సిందే. అయితే ‘చెప్పినట్టు లేదు’ అన్న మాట అబద్ధమైనప్పుడు దాన్ని రుజువు చేయాల్సిన బరువంతా చిన్న అమ్మకందారు నెత్తిన పడింది.

చీర మారిందని చూడగానే తెలుస్తుంది. చేత్తో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఒక నెమలి ఇంకో నెమలిలా ఉండదు. స్క్రీన్ ప్రింట్‌లో అదే బొమ్మ అంతే దూరంలో మళ్లీ మళ్లీ వస్తుంది. తిప్పి చూస్తే వెనుక రంగు వెలవెలబోతుంది. కరక్కాయ, పాలలో ముంచిన కొత్త బట్టకుండే వాసన దానికి ఉండదు. ఒకసారి కట్టి పంపినదైతే భుజం దగ్గర పిన్ను రంధ్రాలు, కుచ్చిళ్ల మడతలు, అంచున ఫాల్ కుట్టి విప్పిన సూది గుర్తులు దొరుకుతాయి.

మనకు తెలిస్తే చాలదు, క్లెయిమ్ (నష్టం పూడ్చమని సైట్‌కు మనం పెట్టే అర్జీ) చూసేవారికి కనబడాలి. అందుకే ప్యాకింగ్ వీడియో ఆపకుండా ఒకే బిగిన తీయాలి: ఆర్డరు నంబరు, పైట, అంచు, పైట మీద అందరికీ కనిపించేలా కట్టిన నంబరు ట్యాగు, కాటా మీద బరువు, టేపు, లేబుల్. ట్యాగు తీస్తే, నచ్చలేదన్న కారణంతో రిటర్న్ ఉండదని ముందే రాసిపెడితే కట్టి పంపేవారు తగ్గుతారు. వచ్చిన పార్సిల్‌ను కోయకముందే ఆరు వైపులా చూపి, తూకం వేసి, ఆ తర్వాతే కోయాలి. 620 గ్రాములు వెళ్లి 480 వస్తే ఆ తేడానే సగం వాదన. క్లెయిములు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే: పార్సిల్ కోసిన తర్వాత వీడియో మొదలవుతుంది, లేదా అందులో లేబుల్ మసకగా ఉంటుంది. డెలివరీ అబ్బాయి పది రిటర్న్‌లు తెచ్చి ఒక్క ఓటీపీ అడిగితే, లెక్క చూసి, చిరిగిన వాటిని అతని ఎదుటే ఫొటో తీశాకే చెప్పాలి. క్లెయిమ్ గడువు సెల్లర్ ప్యానెల్‌లో, అంటే సైట్‌లో అమ్మకందారు ఖాతా పేజీలో, ఉంటుంది. అది దాటితే ఎంత రుజువున్నా వృథా.

కొన్నవారిని దొంగ అనే ముందు కవరులో ఇంకో అమ్మకందారు ట్యాగు ఉందేమో చూడండి. కొరియర్ హబ్‌లో రెండు రిటర్న్‌ల లేబుళ్లు తారుమారవడం నిజంగా జరుగుతుంది. కొన్నవారి ఫోన్ నంబరు, చిరునామా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడమైతే అసలు చేయకూడదు. తప్పు వారిది కాకపోతే కేసు మన మీదకే వస్తుంది.

ఒకే చిరునామా నుంచి ఇలా పదేపదే వస్తుంటే మోసం కింద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2024 జులై 1 నుంచి ఇది కొత్త నేర చట్టం భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. వీడియో సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. కాబట్టి వాట్సాప్‌లో కుదించుకుపోయిన కాపీ కాకుండా, తీసిన ఫోన్‌లోని అసలు ఫైలునే చెరపకుండా ఉంచుకోవాలి.