గొంతు సంగతి తేలాకే గుక్కెడు నీళ్లు

ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న సిరొంచలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, సర్కారు కాగితాలు మాత్రం మరాఠీలో ఉంటాయి. ఈ ఊరున్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో 86 పల్లెల మరణాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. అక్కడ అందరికంటే ఎక్కువ మందిని తీసుకుపోయింది పక్షవాతమే. ప్రతి ఏడు చావుల్లో ఒకటి దానివల్లే. వాళ్లలో ఎక్కువ మంది ఇంట్లోనే కన్నుమూశారు.

పక్షవాతంలో ఒక రకం మెదడులో రక్తస్రావం. ఏళ్ల తరబడి బీపీ దెబ్బకు పలచబడిన రక్తనాళం చిట్లుతుంది. అలాంటి మనిషి కళ్లు తెరవగానే పక్కనున్నవాళ్లు ప్రేమతో చేసే మొదటి పని నోట్లో రెండు చెంచాల నీళ్లో జావో పోయడం. నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. మనం మింగే ప్రతిసారీ మెదడు క్షణకాలం శ్వాసనాళాన్ని మూయిస్తుంది. దెబ్బతిన్న మెదడు ఆ పని సరిగా చేయలేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, కాబట్టి పొరపోయిందని ఎవరికీ తెలియదు. అందుకే శిక్షణ ఉన్న నర్సు రోగిని నిటారుగా కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా నీళ్లిచ్చి, దగ్గు వస్తోందా, గొంతు గరగరలాడుతోందా అని చూడాలి. అప్పటిదాకా మాత్ర కూడా నోటితో వద్దు.

ఇది ఉత్త జాగ్రత్త కాదు, రుజువైన వైద్యం. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ (పక్షవాతం) యూనిట్లలో ఒక ప్రయోగం జరిగింది. కొన్నిచోట్ల నర్సులు జ్వరం, షుగరు, మింగడం అనే మూడింటినీ పద్ధతిగా చూసుకున్నారు. 2011లో ఫలితాలు వచ్చాయి. 90 రోజులకు చనిపోయినవాళ్లు, ఇతరులపై ఆధారపడినవాళ్లు కలిపి అక్కడ 42 శాతం, మామూలు పద్ధతి నడిచినచోట 58 శాతం. కొత్త మందు ఏదీ లేదు! జ్వరం 37.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే పారాసెటమాల్, ఇలాంటి పాత మందులే. 2023లో మన దేశంతో సహా పది దేశాల్లో 7 వేలమందికి పైగా రక్తస్రావ రోగులపై జరిగిన పరీక్షలోనూ జ్వరం, షుగరు అదుపుకు తోడు పై బీపీని వెంటనే 140 కిందికి దించితే కోలుకోవడం మెరుగైంది.

అన్నీ తొందరగా చేస్తే మేలని కూడా కాదు. 24 గంటల్లోపే రోగిని పదేపదే లేపి నడిపిస్తే ఫలితం కాస్త తగ్గిందని 2015లో తేలింది. కాబట్టి "లేచి నాలుగడుగులు వేయించండి" అనే బంధువుల మాట కన్నా వార్డు నర్సు మాట వినండి.

ఇంటికి వచ్చాక పడిపోయిన చేతిని పట్టి లాగి లేపకండి, భుజం కీలు జారుతుంది. పక్కలు మారుస్తూ ఉండండి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే రుద్దవద్దు, ఆ చోట బరువు పడకుండా తిప్పి పడుకోబెట్టండి. బీపీ మాత్రలు మాత్రం ఒంట్లో బాగుందనిపించినా డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. మళ్లీ రక్తనాళం చిట్లకుండా ఉండాలంటే బీపీ అదుపులో ఉండాల్సిందే.