ఆన్‌లైన్‌లో పెడితే నేతన్న బతుకు మారుతుందా? అపోహలు - వాస్తవాలు

పోచంపల్లి చుట్టుపక్కల నేత కుటుంబాల చీరలను ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టడం నా పని. ఫొటోలు, ప్యాకింగు, వాపసు వచ్చిన చీరల లెక్క, అన్నీ మా చిన్న బృందమే చూసుకుంటుంది. ఎక్కడికెళ్లినా వినిపించే కొన్ని మాటలకు నా అనుభవంలోంచి జవాబు రాస్తున్నాను.

అపోహ: ఆన్‌లైన్‌లో పెడితే దళారీ పోతాడు, లాభమంతా నేతన్నకే.

మొదట్లో నేనూ ఇదే నమ్మాను. మాస్టర్ వీవర్ (సరుకిచ్చి చీరలు నేయించుకుని అమ్ముకునే వ్యాపారి) దగ్గర పని మానేసి సొంతంగా అమ్ముకోమని కొన్ని కుటుంబాలకు చెప్పాను కూడా. రెండో నెలలోనే ఒక అక్క అడిగింది: "పైసలు ఎప్పుడొస్తయో తెల్వకుంటే నూలు ఎట్ల తేవాలె బిడ్డా?" నా దగ్గర సమాధానం లేదు.

మాస్టర్ వీవర్ పట్టు, నూలు, రంగులు ముందుగా ఇస్తాడు. చీర దిగగానే మజూరి కడతాడు. అమ్ముడుపోని చీర నష్టం ఆయనదే. ఆయన లాభం చాలాచోట్ల ఎక్కువే, కాదనను. కానీ ఆన్‌లైన్ వేదిక ఈ పనుల్లో ఒక్కటీ చేయదు. కమీషన్, రవాణా ఖర్చు కోసుకుని, వాపసు గడువు దాటాక మిగిలింది జమ చేస్తుంది. ముందే రంగులద్దిన నూలుతో నేసే ఇక్కత్‌లో ఒక పడుగు (మగ్గానికి ఎక్కించే నిలువు నూలు) ఎక్కిస్తే ఏడెనిమిది చీరలు దిగుతాయి. చిటికి కట్టి (బొమ్మ ప్రకారం నూలును ముడులు వేసి), రంగులద్ది, నేత పూర్తయ్యేసరికి నెల దాటిపోతుంది. అప్పటిదాకా ఇల్లు గడవాలి కదా.

ఒక లెక్క చూడండి, అంకెలు ఉదాహరణకే. చీర ధర 6000. కమీషన్, రవాణా, ప్యాకింగు 1200, ముడిసరుకు 2500 పోతే మిగిలేది 2300. పది చీరలు పంపితే రెండు తిరిగొచ్చాయనుకుందాం. అమ్ముడైన ఎనిమిదింటి మీద 18,400 వస్తుంది. వాపసు ఖర్చు ఒక్కోదానికి 300 చొప్పున తీసేస్తే 17,800. మడత చెదిరిన ఆ రెండు చీరల్లో 5000 రూపాయల సరుకు ఇరుక్కుపోయింది. తర్వాతి పడుగుకు నూలు కొనాల్సింది ఆ డబ్బుతోనే. వాపసుకు రాసే కారణం ఎక్కువగా 'ఫొటోలో రంగు వేరు' అని. చేత్తో అద్దిన రంగు చీరచీరకూ కాస్త మారుతుందని కొనేవారికి ముందే చెప్పడం మా బాధ్యత. ఇప్పుడు ప్రతి చీరనూ పగటి వెలుగులో విడిగా ఫొటో తీస్తున్నాం. చీర దిగిన రోజే మజూరి ఇస్తున్నాం, వాపసు నష్టాన్ని ఉమ్మడి నిధి నుంచి భరిస్తున్నాం.

అపోహ: నెట్, ఫోను వస్తే పల్లె దానంతటదే బాగుపడుతుంది.

దీనికి చైనాను ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ తావోబావో అనే ఆన్‌లైన్ వేదికలో ఊరంతా పెద్ద ఎత్తున అమ్ముకునే 'తావోబావో గ్రామాలు' 2009లో మూడే ఉండగా, 2019 నాటికి నాలుగు వేలు దాటాయి, నిజమే. జియాంగ్సు రాష్ట్రంలోని షాజీ ఫర్నిచర్ అమ్మి ఎదిగింది. అయితే అక్కడ అమ్మకంతో పాటు తయారీ కూడా ఊళ్లోనే పెరిగింది. అదే దేశంలో పల్లెలకు ఈ-కామర్స్ కేంద్రాలు తెచ్చిన కార్యక్రమాన్ని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. ఉత్పత్తిదారుల ఆదాయం పెరిగిన జాడ పెద్దగా కనిపించలేదు. లాభం కొన్ని కుటుంబాలకే, అదీ చౌకగా కొనుక్కునే రూపంలోనే దక్కింది. వారిలో ఎక్కువమంది కాస్త కలిగినవాళ్లు, చిన్న వయసువాళ్లు. కేబుల్ వేసినంత మాత్రాన పల్లె సరుకు పట్నానికి చేరదు, పట్నం సరుకు పల్లెకు చేరడం మాత్రం సులువవుతుంది.

అపోహ: వాట్సాప్‌లో అమ్మడం అసలు వ్యాపారమే కాదు.

మా చీరల్లో మంచి ధర పలికేవి అక్కడే అమ్ముడవుతాయి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు వీడియో కాల్‌లో కొంగు, అంచు చూసి, హైదరాబాద్‌లో ఉన్న అమ్మకో అత్తకో పంపించమంటారు. డబ్బు యూపీఐలో అప్పటికప్పుడే వస్తుంది, వాపసు చాలా తక్కువ. చెల్లింపు సులువైతే పేదవాడికి ఎంత మేలో కెన్యా చూపించింది. 2007లో అక్కడ మొదలైన ఎం-పెసా (మొబైల్ ఫోన్‌లో డబ్బు పంపే సేవ) వల్ల 1,94,000 కుటుంబాలు పేదరికం నుంచి బయటపడ్డాయని 2016లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

అపోహ: జీఎస్టీ నంబరు లేకపోతే వేదికల్లో అమ్మలేం.

2023 అక్టోబర్ 1 నుంచి టర్నోవర్ (ఏడాది అమ్మకాల) పరిమితి లోపున్న చిన్న అమ్మకందారులు పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో నమోదు సంఖ్య తీసుకుని సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. వేదిక ద్వారా రాష్ట్రం దాటి పంపాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు.

అపోహ: పోచంపల్లి అని రాసి ఉంటే పోచంపల్లిదే.

భౌగోళిక గుర్తింపు ఉన్నా 'పోచంపల్లి ప్రింట్' పేరుతో మిల్లు గుడ్డను కొన్ని వందల రూపాయలకే అమ్ముతున్నారు. చీర తిరగేసి చూడండి. ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త పాకినట్టు కనిపిస్తాయి. అచ్చు వేసినదైతే వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది.

అపోహ: ఆన్‌లైన్ అమ్మకాలతో ఆడవాళ్ల చేతికి డబ్బు వస్తుంది.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల మందికి పైగా చేనేత కార్మికుల్లో 70 శాతానికి మించి ఆడవాళ్లే. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల వాటికి నెల ఆదాయం 5000 రూపాయల లోపే. కండెలు చుట్టి, ఆసు పోసి నూలును నేతకు సిద్ధం చేసేది ఆడవాళ్లే. ఆన్‌లైన్ ఖాతా, ఫోను మాత్రం భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటాయి. అందుకే కొత్త కుటుంబం మాతో చేరేటప్పుడు, చీరలు చూడకముందే, బ్యాంకు పాసుబుక్కు ఎవరి పేరున ఉందో అడుగుతున్నాం.